హైదరాబాద్ చుట్టుపక్కల ఆవుల షెడ్డు: ఏ రకం ఎవరికి, ఏ మిషన్ ఎప్పుడు

ఔటర్ రింగ్ రోడ్డు దాటి చేవెళ్ల వైపు పోయినా, యాచారం వైపు పోయినా, కీసర, బీబీనగర్ దిక్కు పోయినా కొత్త డెయిరీ షెడ్లు కనబడుతున్నాయి. కొన్ని ఊళ్లో రైతులవి. కొన్ని హైటెక్ సిటీలో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు వచ్చి చూసుకునేవాళ్లవి. ఇద్దరికీ షెడ్డు కాంట్రాక్టర్లు ఫోన్లో చూపించే ఫొటోలు మాత్రం ఒక్కలాంటివే: పంజాబ్‌లోనో హాలండ్‌లోనో కట్టిన పెద్ద షెడ్డు, పైన బారెడు రెక్కల ఫ్యాను, స్టీలు పైపుల మధ్య వరుసగా పడుకున్న నలుపు తెలుపు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులు. ఆ ఫొటో చూసి అడ్వాన్సు ఇచ్చేస్తే తర్వాత దిద్దుకోవడం కష్టం. ఇనుము, కాంక్రీటు ఒకసారి పడ్డాక కదలవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర డబ్బు ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది: కప్పు, గాలి, నీళ్లు, నేల, ఆ తర్వాతే మిషన్లు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తున్నారు. పాల మిషన్, పెద్ద ఫ్యాను ముందు కొని, కప్పు దగ్గరికొచ్చేసరికి చవక రేకులతో సరిపెడుతున్నారు. 

ఎండ లెక్క తెలిస్తే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది

హెచ్‌ఎఫ్ ఆవుకు 25 డిగ్రీల వరకే హాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దాటుతుంది. అయితే ఆవుకు తెలిసేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, గాలిలో తేమ కూడా. ఈ రెండూ కలిపి వేసే లెక్కను టీహెచ్‌ఐ అంటారు. అది 72 దాటితే పాలిచ్చే ఆవు ఇబ్బంది పడుతున్నట్టు. ఎక్కువ పాలిచ్చే ఆవుకైతే 68 దగ్గరే మొదలవుతుంది.

మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉందనుకోండి. టీహెచ్‌ఐ 85 దగ్గరికి వస్తుంది. అదే జులైలో ముసురు పట్టి 32 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే? 83 దాటుతుంది. మనకు చల్లగా అనిపించే వానాకాలం ఆవుకు మే నెలకంటే పెద్ద తేడాగా ఏమీ ఉండదన్నమాట. వానలు పడగానే ఫ్యాన్లు ఆపేసే రైతులు, జులైలో పాలు ఎందుకు పెరగలేదని, ఆవు ఎందుకు చూడి నిలవలేదని దాణా వైపు చూస్తుంటారు.

కూలింగ్ సామాను కూడా ఈ లెక్క ప్రకారమే ఎంచుకోవాలి. మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్లు గాలిని బాగా చల్లబరుస్తాయి. జులైలో అవే ఫాగర్లు ఉన్న తేమకు ఇంకాస్త తేమ కలుపుతాయి, అంతే. ఫ్యాను రెండు కాలాల్లోనూ పనికొస్తుంది. కాబట్టి బడ్జెట్ ఒక్కదానికే సరిపోతే ఫ్యాన్లే కొనాలి.

మీ ఆవు వేడికి బాధపడుతోందా లేదా అని తెలుసుకోవడానికి మీటరు అవసరం లేదు. పడుకుని ఉన్న ఆవు డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతోందో చూడండి. 60 దాటితే వేడి తగులుతున్నట్టు, 80 దాటి నోరు తెరిస్తే వెంటనే తడపాలి.

షెడ్లు నాలుగు రకాలు

కట్టేసి పెంచే షెడ్డు మనకు అలవాటైనదే. తాతల నాటి కొట్టానికి సిమెంటు తొడిగినట్టు ఉంటుంది. ఒక్కో ఆవుకు మూడున్నర నుంచి నాలుగు అడుగుల వెడల్పు, ఐదు, ఐదున్నర అడుగుల పొడవు నిలబడే చోటు, ముందు మేత వేసే గాడి, వెనక పేడ కాలువ. స్థలం తక్కువ పడుతుంది, ఏ ఆవు ఎంత తింటోందో కళ్ల ముందే ఉంటుంది, పనివాళ్లకు కొత్తగా నేర్పాల్సింది లేదు. పదిలోపు ఆవులున్న ఇంటికి ఇప్పటికీ ఇదే మేలు. రెండు వరుసలు వేస్తే తోకలు లోపలికి, ముఖాలు బయటికి ఉండేలా పెట్టుకోండి. పేడ తీయడం, పాలు పిండడం మధ్య దారిలోనే అయిపోతాయి, ఆవు ముఖానికి బయటి గాలి తగులుతుంది, ఒకదాని ఊపిరి ఇంకోదాని ముఖాన పడదు. ముఖాలు లోపలికి పెట్టే పద్ధతి ట్రాక్టరుతో మధ్యలో మేత పోసుకుంటూ పోయే పెద్ద షెడ్లకు బాగుంటుంది.

దీని లోటు ఆవు వైపు నుంచి చూస్తే కనబడుతుంది. దాహమైనప్పుడు నీళ్ల దగ్గరికి పోలేదు. మూత్రంతో తడిసిన సిమెంటు మీదే రోజంతా నిలబడుతుంది. గిట్టలు మెత్తబడతాయి, మోకాళ్లు ఒరుసుకుపోతాయి. ఎదకు వచ్చిన ఆవు ఇంకో ఆవు మీదికి ఎక్కే వీలు ఉండదు కాబట్టి ఎద గుర్తించడం పనివాడి కంటి మీదే ఆధారపడుతుంది. ఎద ఒకసారి తప్పిందంటే మళ్లీ 21 రోజులు ఆగాలి.

రెండోది లూజ్ హౌసింగ్, అంటే కట్టేయకుండా వదిలేసి పెంచడం. కొంత భాగానికి కప్పు, మిగతాది కంచె వేసిన ఖాళీ జాగా. భారతీయ ప్రమాణాల ప్రకారం ఆవుకు కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, బయట 7; గేదెకు 4, 8. ఇరవై ఆవులకు మొత్తం 210 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 250 గజాలు. ఇది కనీసం అని గుర్తుంచుకోండి. పూటకు ఏడెనిమిది లీటర్లిచ్చే హెచ్‌ఎఫ్ క్రాస్ ఆవులైతే కప్పు కింద 5, బయట 10 చదరపు మీటర్లు పెట్టుకోమంటాను. అప్పుడు 360 గజాలు అవుతుంది. మేత దారి, పాలు పిండే చోటు, దూడల గది దీనికి అదనం.

పది నుంచి నలభై ఆవుల దాకా, హైదరాబాద్ చుట్టుపక్కల, నేను మొదట సిఫారసు చేసేది ఇదే. ఇనుము తక్కువ పడుతుంది. ఆవు తనకు నచ్చినప్పుడు నీళ్లు తాగుతుంది, చల్లటి రాత్రి బయట పడుకుంటుంది. మే నెలలో పగలు ఎంత కాల్చినా తెల్లవారుజామున మన దగ్గర కాస్త చల్లబడుతుంది కదా, ఆ చల్లదనం కప్పు కింద కట్టేసిన ఆవుకు సరిగ్గా అందదు. పైగా పనివాళ్లు తక్కువ చాలు. బీహార్ నుంచి వచ్చిన కుర్రాడు పండక్కి ఊరికి పోయి తిరిగి రాని నెలలో ఈ తేడా విలువ తెలిసొస్తుంది.

లూజ్ హౌసింగ్ అంటే ఖాళీ జాగాకు కంచె వేసి వదిలేయడం అని కొందరు అనుకుంటారు. వానాకాలంలో అది మోకాలి లోతు బురద అవుతుంది, ఆ బురదలో పడుకున్న ఆవుకు పొదుగువాపు తప్పదు. ఖాళీ జాగాను మొరం పోసి, రోలరుతో దిమ్మిస కొట్టి, ఒక వైపుకు వాలు పెట్టాలి. గాడి పక్కన పది అడుగుల వెడల్పున కాంక్రీటు తప్పనిసరి. ఆవు ఎక్కువసేపు నిలబడేది, ఎక్కువ పేడ వేసేది అక్కడే. ఇంకో సంగతి: కొమ్ములున్న ఆవులు బలహీనమైన వాటిని మేత దగ్గరికి రానివ్వవు. దూడలకు మొదటి వారాల్లోనే పశువైద్యుడి చేత కొమ్ము మొటిమలు కాల్పించేయండి. గాడి దగ్గర హెడ్‌లాక్‌లు పెట్టిస్తే, మేతకు తల పెట్టినప్పుడు అన్నింటినీ ఒకేసారి ఆపి సూదులు, కృత్రిమ గర్భధారణ, చూడి పరీక్ష చేయించుకోవచ్చు. ఇక్కడ పెట్టే స్టీలు దండగ కాదు.

మూడోది ఫ్రీ స్టాల్. కాంట్రాక్టరు చూపించే ఫొటోలో ఉండేది ఇదే. కప్పు కింద ఒక్కో ఆవుకు పడుకోవడానికి పైపులతో కట్టిన ఒక్కో గడి, కట్టేయడం ఉండదు. పెద్ద హెచ్‌ఎఫ్ ఆవుకు గడి నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు. అన్ని ఆవులూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే చాలా శుభ్రంగా నడుస్తుంది, యంత్రంతో పేడ తీయొచ్చు. మన మందలు అలా ఉండవు. ఒక హెచ్‌ఎఫ్, పక్కన చిన్న జెర్సీ క్రాస్, ఆ పక్కన ఇష్టంతో తెచ్చుకున్న దేశీ సాహివాల్ లేక గిర్. గడి వెడల్పైతే జెర్సీ అడ్డం తిరిగి పడక మీదే పేడ వేస్తుంది. ఇరుకైతే హెచ్‌ఎఫ్ పడుకోకుండా దారిలో నిలబడుతుంది. ఆవు రోజుకు 12 గంటలైనా పడుకోవాలి. పడుకున్నప్పుడే పొదుగుకు రక్తం ఎక్కువ పోతుంది. పడుకోని ఆవు గడికి పోసిన ఇనుమంతా వృథా. యాభై దాటిన, ఒకే రకం హెచ్‌ఎఫ్ మంద ఉన్నవాళ్లు మాత్రమే దీని గురించి ఆలోచించండి. గేదెలకైతే వద్దే వద్దు.

నాలుగోది కంపోస్ట్ బెడ్ షెడ్డు. కప్పు కింద అంతా ఒకే మెత్తటి పరుపు, రంపపు పొట్టుతోనో వేరుశనగ పొట్టుతోనో. ఆవు దాని మీదే పేడ వేస్తుంది, మూత్రం పోస్తుంది. రోజుకు రెండుసార్లు, ఆవులు పాలకు పోయినప్పుడు, చిన్న ట్రాక్టరుతో అడుగు లోతు దాకా తిరగేస్తారు. లోపల సూక్ష్మజీవులు పనిచేసి 45 నుంచి 60 డిగ్రీల వేడి పుడుతుంది, ఆ వేడికి పైన ఆరుతుంది. కుంటి ఆవులకు దీన్ని మించిన పడక లేదు. ఏడాదికి తీసే ఎరువు కూరగాయల రైతులకు అమ్ముకోవచ్చు.

షరతులు గట్టివి. ఆవుకు కప్పు కిందే 7 నుంచి 10 చదరపు మీటర్లు కావాలి. తిరగేయడం ఒక్క రోజు కూడా ఆపకూడదు. మన దగ్గర సులువుగా దొరికేది వరి ఊక, కానీ అది తొందరగా కుళ్లదు. ఒక్క ఊకతో బెడ్ వేడెక్కదు, పొట్టు కలపాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమకు బెడ్ ఆరదు, పొట్టు ఎక్కువ పోయాలి. ఊక, పొట్టు కోసం బాయిలర్లవాళ్లు, ఇటుక బట్టీలవాళ్లు కూడా పోటీ ఉంటారు కాబట్టి ధర మన చేతిలో ఉండదు. పిడికెడు బెడ్ తీసి పిండితే నీరు కారుతోందంటే చేయి దాటింది, ఆ స్థితిలో ఆవులను దాని మీద పడుకోబెడితే పొదుగువాపును పిలిచినట్టే. సా మిల్లు పక్కనే ఉండి, పొట్టుకు ఏడాది ఒప్పందం కుదిరినవాళ్లకు మంచిది. మిగతావాళ్లు లూజ్ హౌసింగ్‌తో మొదలుపెట్టి, చూడి ఆవులకు, ఈనే ఆవులకు మాత్రం ఒక చిన్న కంపోస్ట్ గది పెట్టుకుని చూడొచ్చు.

ఇవి కాక, కోళ్ల ఈసీ షెడ్డు లాగా అన్ని వైపులా మూసి, ఒక పక్క తడి ప్యాడ్లు, ఇంకో పక్క ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టే షెడ్డు కూడా ఆవులకు వేస్తామని కొందరు అడుగుతున్నారు. మే నెలలో లోపల బ్రహ్మాండంగా ఉంటుంది. కరెంటు పోయి, జనరేటరు మొరాయిస్తే ఎంతసేపు తట్టుకుంటాయో ఆలోచించుకోండి. నాకైతే మనసొప్పదు.

కప్పు

పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా ఉంటే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ కొస గోడల మీదే పడతాయి. లూజ్ హౌసింగులో మట్టి నేల మీద విడిగా వేసే నీడ పందిరికి మాత్రం ఉత్తర దక్షిణాలు మేలు. నీడ రోజంతా జరుగుతూ ఉంటుంది, కింద నేల ఆరుతుంది. కాంట్రాక్టర్లు ఈ రెంటికీ తేడా చెప్పరు.

అంచు దగ్గర ఎత్తు పన్నెండు అడుగులకు తగ్గనివ్వకండి. ఎనిమిదడుగుల ఎత్తులో రేకు వేస్తే ఆవు వీపు మీద పెనం పెట్టినట్టే. నడి కొప్పు దగ్గర వేడి గాలి బయటికి పోవడానికి సందు వదలాలి. షెడ్డు వెడల్పు ప్రతి పది అడుగులకు రెండంగుళాల చొప్పున, అంటే ముప్పై అడుగుల షెడ్డుకు ఆరంగుళాలు, పైన చిన్న టోపీ రేకుతో. వాన జల్లు కాస్త పడుతుంది, పడనివ్వండి. ప్రక్కలు తెరిచే ఉంచి, జల్లు కొట్టే పడమర వైపు మాత్రం చుట్టి దించే తాటిపత్రి కట్టుకుంటే చాలు.

రేకుల్లో పోలిక చూస్తే, మామూలు జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) చవక, ఎండకు బాగా కాలుతుంది. సిమెంటు రేకు కాస్త తక్కువ వేడెక్కుతుంది, కానీ కోతులు దుంకితే పగులుతుంది, మన శివారు ఊళ్లలో కోతుల సంగతి తెలిసిందే. మధ్యలో ఫోమ్ ఉన్న పఫ్ ప్యానెల్ అన్నిటికంటే చల్లన, ఖరీదు కూడా అన్నిటికంటే ఎక్కువ. బడ్జెట్ లేనివాళ్లు జీఐ రేకు వేసి పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటు కొట్టించండి. ఇళ్ల కోసమైనా ఇదే సూత్రంతో తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. రెండేళ్లకోసారి మళ్లీ కొట్టాల్సి రావచ్చు, దుమ్ము పడితే కడగాలి. ఐదారు ఆవులవాళ్లకు రేకు మీద వరిగడ్డి లేదా తాటాకు పరిచినా పని జరుగుతుంది, నిప్పుతో మాత్రం జాగ్రత్త. పడమర పక్కన వేప, కానుగ నాటి, కింది కొమ్మలు కొట్టేసి గాలికి దారి వదలండి.

ఫ్యాన్లు, తడపడం

ఫ్యాను గాలి ఎంత దూరం పోతుందంటే, దాని రెక్కల అడ్డ కొలతకు (వ్యాసానికి) ఇంచుమించు పదింతలు. 36 అంగుళాల ఫ్యాను 30 అడుగుల దాకా, 48 అంగుళాలది 40 అడుగుల దాకా. అంత దూరానికి ఒకటి చొప్పున, ఎనిమిది అడుగుల ఎత్తులో, కాస్త కిందికి వంచి, అన్నీ ఒకే దిక్కుకు పెట్టాలి. మన దగ్గర వానాకాలం గాలి పడమర నుంచి వస్తుంది కాబట్టి తూర్పు ముఖంగా పెడితే దానికి తోడవుతాయి. ఎదురెదురుగా పెట్టిన షెడ్లు కూడా ఉన్నాయి. మధ్యలో ఆవుకు గాలే తగలదు.

ఇరవై, ఇరవై నాలుగు అడుగుల పెద్ద ఫ్యాను చూడ్డానికి ఘనంగా ఉంటుంది, కరెంటు పొదుపు, చప్పుడు లేదు. అది వెడల్పైన, ఎత్తైన షెడ్డులో నెమ్మదిగా గాలి కదపడానికి. పాతిక అడుగుల వెడల్పు షెడ్డులో, అదే డబ్బుతో వచ్చే చిన్న ఫ్యాన్లే ఆవు ఒంటి మీద గట్టిగా గాలి కొడతాయి. 

తడపడానికి ఫాగర్లా, స్ప్రింక్లర్లా? ఇక్కడ బోరు నీటిని చూసి నిర్ణయించాలి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు పేరుకునే కఠినమైన నీళ్లు. ఎక్కువ ఒత్తిడి ఫాగర్ నాజిల్ సందు సన్నగా ఉంటుంది. కొద్ది వారాల్లోనే తెల్లగా పేరుకుని మూసుకుపోతుంది. ఫిల్టరు, మెత్తటి నీటి ప్లాంటు పెట్టలేనివాళ్లు పెద్ద చుక్కల స్ప్రింక్లర్లు పెట్టుకోండి. గాడి పొడుగునా ఆవు వీపు మీద పడేలా, ఒక నిమిషం నీళ్లు, నాలుగైదు నిమిషాలు ఫ్యాను గాలి ఒక్కటే, మళ్లీ నీళ్లు. టైమరు పెద్ద ఖరీదు కాదు. తోలు తడవాలి, పొదుగు మీదికి కారకూడదు. పడుకునే చోట ఎప్పుడూ తడపొద్దు. పాలు పిండే ముందు ఆవులు గుంపుగా నిలబడే చోట కూడా ఒక ఫ్యాను, రెండు నాజిళ్లు పెడితే సాయంత్రం పాలలో తేడా కనబడుతుంది.

గేదెలకు నల్లటి తోలు, తక్కువ చెమట. ఫ్యానుకంటే నీళ్లే ముఖ్యం. పెద్ద జల్లు షవరు, వీలుంటే చిన్న బురదగుంట.

నీళ్లు, నేల, గాడి

వేసవిలో పాలిచ్చే ఆవు రోజుకు 80 నుంచి 100 లీటర్లు తాగుతుంది. ఇరవై ఆవులకు తాగడానికే రెండు వేల లీటర్లు. కడగడానికి, తడపడానికి మరో అంత లేదా ఇంకా పైన. మే నెలలో మీ బోరు ఇంత ఇవ్వలేకపోతే ఆవుల సంఖ్య తగ్గించుకోండి. ట్యాంకర్ల మీద డెయిరీ నడవదు. నీళ్ల ట్యాంకు ఎండలో పెడితే మధ్యాహ్నం ఆవు ముందుకొచ్చేవి వేడి నీళ్లే. ట్యాంకుకు నీడ, పైపులు భూమిలోపల. తొట్టికి పదిహేను రోజులకోసారి లోపల సున్నం. ఆవు మూతితో నొక్కితే నీళ్లొచ్చే గిన్నెలు కట్టేసే షెడ్డుకు చాలా మంచివి. లూజ్ హౌసింగుకు రెండు పెద్ద తొట్లు, రెండు వేర్వేరు చోట్ల.

నేలకు తాండూరు బండ, షాబాద్ బండ చేతికి దగ్గరగా దొరుకుతాయని వేయిస్తుంటారు. తడిస్తే జారుతాయి. కాలు జారి తొంటి విరిగిన ఆవు లేవదు, ఆవు పోయిందంటే బండలో మిగిల్చిన డబ్బుకు ఎన్నింతలో పోతుంది. కాంక్రీటు వేసి, పచ్చిగా ఉన్నప్పుడే అర అంగుళం వెడల్పు, అంతకు కాస్త తక్కువ లోతు గీతలు గీయించండి. వాలు పది అడుగులకు రెండు నుంచి మూడు అంగుళాలు. రబ్బరు మ్యాట్లు కట్టేసే షెడ్డులో పెట్టుకోదగ్గవే, కానీ కింద పేడనీళ్లు చేరితే పురుగులకు ఇల్లవుతాయి. రోజూ ఎత్తి కడిగే మనిషి ఉంటేనే కొనండి.

గాడి లోతైన తొట్టిలా కాకుండా, ఆవు నిలబడే నేలకంటే నాలుగైదు అంగుళాలు ఎత్తైన చదును గట్టులా కట్టించండి, ముందు నునుపైన టైలు వేసి. మూలల్లో పులిసిన మేత మిగలదు, చీపురుతో ఊడ్చేయొచ్చు. ఆవుకు రెండు, రెండున్నర అడుగుల చోటు. గడ్డి కత్తిరించే మిషన్ రెండు హార్స్‌పవర్‌ది ఇరవై ఆవులకు సరిపోతుంది, సూపర్ నేపియర్ గడ్డి అయినా చొప్ప అయినా. పచ్చిమేత, ఎండుమేత, దాణా అన్నీ కలిపే టీఎంఆర్ బండి వందలోపు ఆవులకు ఆలోచించనక్కర్లేదు.

పాల మిషన్

షెడ్డు రకమే మిషన్‌ను నిర్ణయిస్తుంది. కట్టేసే షెడ్డులో మిషన్ ఆవు దగ్గరికి పోతుంది. వదిలేసే షెడ్డులో ఆవు మిషన్ దగ్గరికి రావాలి. 

ఐదారు ఆవులకు చేత్తో పిండడమే చవక, ఇంట్లో పిండే మనిషి ఉంటే. ఆ పైన పదిహేను దాకా చక్రాల బండి మీద ఉండే ఒక బకెట్ మిషన్. ఒక్కో ఆవుకు ఐదు నుంచి ఏడు నిమిషాలు, గంటకు ఎనిమిది నుంచి పది ఆవులు. ముప్పై దాకా రెండు బకెట్లది. నలభై, యాభై ఆవులు దాటి, లూజ్ హౌసింగో ఫ్రీ స్టాలో ఉన్నవాళ్లకు పార్లర్: ఆవులు ఏటవాలుగా రెండు వరుసల్లో నిలబడతాయి, మనిషి మధ్యలో గుంటలో నిలబడి నడుము వంచకుండా పని చేస్తాడు. రోబో మిషన్లు 1992లో హాలండ్‌లో మొదలయ్యాయి. ఒక్కో రోబో అరవై ఆవుల దాకా పిండుతుంది. అక్కడ మనిషి కూలి ఖరీదు కాబట్టి గిట్టుబాటు, ఇక్కడ షోకు.

లూజ్ హౌసింగులో ఇరవై ఆవులున్నవాళ్లకు నాకు నచ్చే మధ్యేమార్గం ఒకటుంది. పార్లర్ కట్టకుండా, షెడ్డు పక్కన నాలుగు ఆవులు నిలబడే చిన్న పాల గది. ముందు దాణా తొట్టి, కాంక్రీటు నేల, రెండు బకెట్ల మిషన్. దాణా కోసం ఆవులు వాటంతట అవే క్యూ కడతాయి. ఆవులు పెరిగితే అదే గదిని తర్వాత పార్లర్‌గా మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సింది రంగు, బకెట్ మెరుపు కాదు. పాలు లాగే వాక్యూమ్ 42 నుంచి 50 కిలోపాస్కల్ మధ్య నిలకడగా ఉందా, గేజిలో అంగుళాలుంటే పన్నెండున్నర నుంచి పదిహేను లోపు. చన్నుల మీద వాక్యూమ్ ఇస్తూ, ఆపుతూ ఉండే పల్సేటర్ నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందా. వాక్యూమ్ ఎక్కువైతే చన్నుల కొసలు గట్టిపడి పొదుగువాపు వస్తుంది. ఆ నింద మిషన్ల మీదంతా పడుతుంది. చన్నులకు తగిలే రబ్బరు లైనర్లు 2,500 సార్లు పిండాక మార్చాలి. పది ఆవులు, రెండు పూటలు, ఒకే క్లస్టర్ (ఒక ఆవుకు తగిలించే నాలుగు లైనర్ల జత) అంటే రోజుకు ఇరవై సార్లు, 125 రోజులు. నాలుగు నెలలకోసారి మార్చాల్సిందే. ఈ లెక్క అమ్మేవాడు చెప్పడు, ఏడాది దాటినా అవే లైనర్లు వాడే షెడ్లున్నాయి. లైనర్లు, పల్సేటర్ నగరంలో మర్నాటికి దొరుకుతాయా, రిపేరు చేసే మనిషి వస్తాడా అని అడిగాకే ధర మాట్లాడండి.

కడగడం కూడా బోరు నీటిని బట్టే. పిండిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, తర్వాత 70 డిగ్రీల వేడి నీటిలో క్షార డిటర్జెంటు. యాసిడ్ వాష్ వారానికోసారి అంటారు. కఠినమైన నీళ్లున్నచోట రెండుసార్లు చేయండి, లేకపోతే పైపుల్లో పాల పొర రాయిలా గట్టిపడి పేరుకుంటుంది. మిషన్ తగిలించే ముందు మొదటి ధారలు విడిగా పిండి చూడటం, పొదుగు తుడిచి నిమిషం ఆగడం, తీశాక చన్నులను అయోడిన్ మందులో ముంచడం, ఇవి చేత్తో పిండినా మిషన్‌తో పిండినా ఒకటే. గేదెలు చేపడానికి ఎక్కువసేపు తీసుకుంటాయి. తొందరపడి, పాలు దిగాలని ఆక్సిటోసిన్ సూది వేసేవాళ్లను షెడ్డులోకి రానివ్వకండి.

కరెంటు పోతే? మామూలు ఇంటి ఇన్వర్టరు వాక్యూమ్ పంపు మోటారును లాగదు. చిన్న జనరేటరో, పెట్రోలు ఇంజను తగిలించే వీలున్న మిషనో తీసుకోండి.

పాలు చల్లబరిచే బల్క్ కూలరు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. గంటలో పాల కేంద్రానికి చేర్చేవాళ్లకు అవసరం లేదు. పొద్దుటి, సాయంత్రం పాలు కలిపి నగరంలో ఇళ్లకు పోసేవాళ్లకు కావాలి: మూడు గంటల్లోపు 4 డిగ్రీలకు దిగాలి. నేరుగా అమ్మేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి.

కొటేషన్లు, లోన్లు

మూడు కొటేషన్లు తీసుకుని, మొత్తం ధరను ఆవుల సంఖ్యతో భాగించి చూడండి. "షెడ్డు ఇంత" అన్నప్పుడు తేడా కనబడదు, "ఒక్కో ఆవుకు ఇంత" అన్నప్పుడు కనబడుతుంది. పైపులు జింకులో ముంచి తీసినవా, రంగు వేసినవా అని రాయించుకోండి. రంగు పైపు మూత్రం తగిలే అడుగు భాగంలోనే ముందు తుప్పు పడుతుంది.

డెయిరీలు పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చిన డీఈడీఎస్ సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా ఫైలు డబ్బులు అడిగితే ఇవ్వకండి, ఆ పథకం 2020-21 నుంచే ఆగిపోయింది. 2020లో 15 వేల కోట్లతో వచ్చిన ఏహెచ్‌ఐడీఎఫ్ (పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి) కింద 3 శాతం వడ్డీ రాయితీని 2025-26 దాకా పొడిగించారు, కానీ అది ముఖ్యంగా పాల ప్రాసెసింగ్, దాణా ఫ్యాక్టరీల లాంటి వాటికి. చిన్న రైతు కొట్టానికి ఉపాధి హామీ కింద పశువుల షెడ్డు మంజూరు గురించి పంచాయతీలో అడగండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయానికి ప్లాను తీసుకెళ్లి, సంతకాలకు ముందే ఒకసారి చూపించుకోండి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ ఉన్న 84 గ్రామాలవాళ్లు ఇంకో పని చేయాలి. 1996 నాటి జీవో 111 ఆంక్షలు తొలగిస్తూ 2022లో జీవో 69 వచ్చినా, చెరువుల్లోకి మురుగు పోకూడదన్న ఉద్దేశం అలాగే ఉంది. పేడనీళ్లు ఎటు పోతాయో చూపించే ప్లాను, బయోగ్యాస్ గుంతతో సహా, దగ్గర పెట్టుకోండి. 25 కిలోల పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. ఇరవై ఆవుల షెడ్డులో మిషన్ కడగడానికి కావాల్సిన వేడి నీళ్లు ఆ గ్యాస్‌తోనే కాచుకోవచ్చు.